నీలి నీళ్ళు కాదు, అడుగున మిగిలిన మట్టి చూపించండి

ప్రయోగశాలలో నా మొదటి పరాభవం రాగి దగ్గరే జరిగింది. బల్ల మీద రెండు బీకర్లు పెట్టుకున్నాను, రెండింట్లోనూ పలుచటి సల్ఫ్యూరిక్ యాసిడ్. ఒకదాంట్లో మాలకైట్ అనే ఆకుపచ్చ రాగి ఖనిజం పొడి వేశాను. బుసబుసా పొంగింది, చూస్తుండగానే నీళ్ళు మైలుతుత్తం రంగుకి తిరిగాయి. రెండోదాంట్లో చాల్కోపైరైట్ పొడి వేశాను. ఇత్తడిలా మెరిసే ఖనిజం, మూడో వంతుకు పైగా రాగే. సాయంత్రం దాకా కలిపాను. మర్నాడు వచ్చి చూస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, పొడి అడుగున హాయిగా పడుకుని ఉంది. యాసిడ్ పాతబడిందేమోనని కొత్త సీసా తెరిచాను. గాఢత రెట్టింపు చేశాను. మా గైడ్ గారు అటుగా వెళ్తూ ఒకసారి తొంగిచూసి, "యాసిడ్ పోస్తే దానికి స్నానం చేయించినట్టే. దాని దగ్గర ఎలక్ట్రాన్లు గుంజుకునేవాడు కావాలి" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఈ మధ్య లోహాల గురించి వచ్చే పాపులర్ వ్యాసాలు చదువుతుంటే ఆ బీకరే గుర్తొస్తోంది. అన్నింట్లోనూ ఒకటే కథ. కొలిమి పాతది, పొగ, కంపు. లీచింగ్, అంటే ఖనిజంలోంచి లోహాన్ని ద్రావణంలోకి కరిగించి తీయడం, కొత్తది, శుభ్రం, చవక. పక్కన ఒక ఫొటో, అందులో మిలమిల్లాడే నీలి ద్రావణం. మాలకైట్ లాంటి, గనుల వాళ్ళు ఆక్సైడు అని పిలిచే ఖనిజాల వరకూ ఈ కథకి నేను అడ్డు చెప్పను. ప్రపంచంలో ఉన్న రాగిలో పెద్ద వాటా మాత్రం గంధకంతో కలిసిన సల్ఫైడు ఖనిజాల్లో ఉంది, అందులోనూ ఎక్కువ భాగం చాల్కోపైరైటే. అక్కడికొచ్చేసరికి నేను రాగి ఎంత వచ్చిందని అడగడం రెండో ప్రశ్నగా పెట్టుకున్నాను. మొదట అడిగేది గంధకం ఎటు పోయిందని.

ఎందుకో లెక్క చూడండి. చాల్కోపైరైట్ బరువులో రాగి 34.6 శాతం, ఇనుము 30.4 శాతం, మిగిలిన 35 శాతం గంధకం. అంటే టన్ను రాగి కావాలంటే దాని వెనకాలే ఇంకో టన్ను గంధకం, దాదాపు 880 కిలోల ఇనుము పిలవని పేరంటానికి వస్తాయి. ఆ గంధకమంతా సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారితే 3 టన్నులు దాటుతుంది. బోర్డు మీద రాగి ఫ్యాక్టరీ అని రాసుకున్నా, బరువు లెక్కన అది యాసిడ్ ఫ్యాక్టరీ.

ఇంతకీ నా రెండో బీకర్లో ఏం జరగలేదో చెప్పాలి. మాలకైట్‌లో రాగి అప్పటికే ఆక్సీకరణం చెంది ఉంది. యాసిడ్ చేసే పనల్లా దాన్ని పట్టుకున్న కార్బొనేట్‌ని వదిలించడం. సల్ఫైడులో రాగిని, ఇనుమునీ పట్టుకుని కూచున్నది గంధకం. దాని దగ్గర్నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుంటే తప్ప పట్టు వదలదు. ఆ పని గనుల్లో ఎక్కువగా చేసేది ఫెర్రిక్ ఇనుము, అంటే మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఒకటి వెనక్కి గుంజుకోవాలని చూసే ఇనుము. ఒక చాల్కోపైరైట్ అణువుకి నాలుగు ఫెర్రిక్ అయాన్లు కావాలి. రాగి ద్రావణంలోకి వస్తుంది, ఫెర్రిక్ కాస్తా ఫెర్రస్‌గా మారుతుంది, అంటే మనకి తెలిసిన అన్నభేదిలో ఉండే ఇనుము. గంధకం చాలావరకు మూలకంగానే పసుప్పచ్చటి పొరలా మిగులుతుంది. ఇందులో యాసిడ్ పాత్ర ఇనుముని ద్రావణంలో నిలబెట్టడం, తుప్పులా కిందికి దిగిపోకుండా చూడడం. "యాసిడ్ లీచింగ్" అనే పేరే సగం తప్పుదారి పట్టిస్తుంది.

ఫెర్రస్‌ని మళ్ళీ ఫెర్రిక్ చేస్తేగానీ చక్రం తిరగదు. గాలిలోని ఆక్సిజన్ ఆ పని చేయగలదు గానీ యాసిడ్ నీళ్ళలో నత్తనడక. ఇక్కడే సూక్ష్మజీవులు వస్తాయి. 1947లో కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు బొగ్గు గనుల నుంచి కారే ఆమ్లజలంలో ఇనుముని ఆక్సీకరించే బాక్టీరియాని గుర్తించారు. ఇప్పుడు దాన్ని అసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అంటున్నారు. ఇలాంటివి ఉంటే ఆ చర్య లక్షల రెట్లు, పరిస్థితులు బాగుంటే పది లక్షల రెట్లు దాకా వేగం పుంజుకుంటుంది. 1958లో కెనెకాట్ కంపెనీ పరిశోధకులు దీన్ని గనుల గుట్టల మీద వాడే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. "రాగిని తినే బాక్టీరియా" అని శీర్షికలు పెట్టేవాళ్ళతో నాకో చిన్న తగాదా ఉంది. వాటికి రాగితో పనే లేదు. వాటి తిండి ఫెర్రస్ ఇనుము, గంధకం. రాగి మరీ ఎక్కువైతే వాటికీ విషమే, మిగతా జీవులకన్నా బాగా తట్టుకుంటాయంతే.

"కొత్తది" అనే మాట కూడా తీసేయాలి. రాగి కరిగిన ఇలాంటి నీళ్ళలో ఇనప ముక్కలు వేసి, వాటి మీద పేరుకున్న రాగిని గీకి తీయడం చైనాలో సోంగ్ వంశం కాలానికే పెద్ద పరిశ్రమ. నిజంగా కొత్తగా వచ్చింది తర్వాతి అంకం. 1968లో అరిజోనాలో బ్లూబర్డ్ గని దగ్గర, ద్రావణంలోంచి రాగిని మాత్రమే ఏరి పట్టుకునే సేంద్రియ ద్రావకంతో మొదటి వాణిజ్య ప్లాంటు నడిచింది. ఆ రసాయనం తయారుచేసింది జనరల్ మిల్స్, పొద్దున్నే పాలలో వేసుకు తినే సీరియల్స్ అమ్మే కంపెనీ. అప్పటినుంచి పలుచటి, మురికి ద్రావణంలోంచి కూడా 99.99 శాతం శుద్ధమైన రాగి పలకలు నేరుగా వస్తున్నాయి. ద్రావణంలోని రాగిని పలకగా కట్టించేది కరెంటు, అది మాత్రం బాగా తాగుతుంది, కిలోకి సుమారు 2 యూనిట్లు. కొలిమి రాగిని శుద్ధి చేయడానికి అరయూనిట్ కూడా పట్టదు.

లీచింగ్ నిజంగా గెలిచిన చోటు ఏదో ముందు ఒప్పుకోవాలి, లేకపోతే నేను కొలిమి కంపెనీ మనిషిననుకుంటారు. చాల్కోసైట్ అనే ఖనిజం ఉంది. బరువులో 80 శాతం దాకా రాగి, ఇనుమే లేదు. ఇందులో మొదటి విడత రాగి చకచకా బయటికొస్తుంది. మిగిలింది కోవెల్లైట్ అనే ఇంకో రాగి సల్ఫైడు లాంటి పదార్థంగా మారి నెమ్మదిగా కరుగుతుంది, కానీ కరుగుతుంది. రాయిని గోళీకాయలంత సైజుకి కొట్టి, యాసిడ్‌తో తడిపి ఉండలు కట్టనిచ్చి, ప్లాస్టిక్ షీటు మీద రెండు మూడు అంతస్తుల ఎత్తున గుట్ట పోస్తారు. పైన సన్నటి డ్రిప్ పైపులు. చదరపు మీటరుకి గంటకి ఐదు నుంచి పది లీటర్లు, అంతకన్నా పోస్తే గుట్ట ఊపిరాడక చస్తుంది. అడుగు నుంచి గాలి ఊదుతారు, బాక్టీరియాకీ ఆక్సిజన్ కావాలి కాబట్టి. కింద చేరే ద్రావణంలో లీటరుకి కొద్ది గ్రాముల రాగి ఉంటుంది. చిలీలో లో అగిర్రె గని 1980లోనే ఈ పద్ధతిని నమ్ముకుని నడిచింది. 1994లో కెబ్రాదా బ్లాంకా వాళ్ళు సముద్రమట్టానికి 4,400 మీటర్ల ఎత్తున, చలిలో, పలుచటి గాలిలో ఇదే చేసి చూపించారు. అర శాతం రాగి ఉన్న రాయి అంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఆ ఎలుక కోసం టన్నుల కొద్దీ రాయిని పిండి చేయకుండా, కొలిమి కట్టకుండా పట్టగలగడం చిన్న సంగతి కాదు.

చాల్కోసైట్ పొర సాధారణంగా నిక్షేపం పైభాగంలో ఉంటుంది. తవ్వుతూ లోపలికి పోయేకొద్దీ చాల్కోపైరైట్ ఎదురవుతుంది. పైన పనిచేసిన పైపులు, షీట్లు, ద్రావకం ప్లాంటు అన్నీ అలాగే ఉంటాయి, రాయి మాత్రం మొండికేస్తుంది. అప్పుడే కంపెనీలకి "చాల్కోపైరైట్‌ని కూడా గుట్టలోనే కరిగిస్తాం" అని ప్రకటన ఇవ్వాలనిపిస్తుంది. కట్టిన ప్లాంటు ఖాళీగా ఉంటే ఎవరికైనా టెన్షనే కదా.

నా బీకరు కథ ఇక్కడ కొనసాగుతుంది. గైడ్ గారి మాట పట్టుకుని ఫెర్రిక్ సల్ఫేట్ కలిపి, 70 డిగ్రీల దగ్గర పెట్టాను. మొదటి కొన్ని గంటలు పండగే. రాగి శాతం నిటారుగా ఎక్కింది. తర్వాత గ్రాఫు వంగింది, ఆ పైన పడుకుంది. ఫెర్రిక్ ఇంకా బోలెడుంది, యాసిడ్ ఉంది, వేడి ఉంది, ఖనిజం కూడా మిగిలే ఉంది. అయినా ముందుకి కదలదు. దీన్నే పాసివేషన్ అంటారు. రేణువు మీద ఏదో పొర కట్టి లోపలి ఖనిజాన్ని మూసేస్తుంది. ఆ పొర గంధకమా, రాగి ఇనుములు తగ్గిపోయిన పాలీసల్ఫైడా, జరోసైట్ అనే ఇనుప లవణమా అన్నదాని మీద దశాబ్దాలుగా వాదులాడుకుంటున్నారు. నేను గంధకం మీద మాత్రమే నేరం మోపను. కొన్ని చోట్ల ఆ పొర చిల్లుల జల్లెడలా ఉంటుంది, దానికి అంత అడ్డుపడే శక్తి ఉండదు.

అన్నింటికన్నా వింతైన సంగతి, ఆక్సీకరణ శక్తి పెంచితే చాల్కోపైరైట్ ఇంకా మొండికేస్తుంది. 1997లో జపాన్‌లో హిరోయోషి, ఆయన సహచరులు ఫెర్రస్ కలిపితే కొన్ని పరిస్థితుల్లో రాగి ఎక్కువ కరుగుతోందని చూపించారు. ఆక్సీకరించాల్సిన చోట అన్నభేది పోస్తే పని జరగడమేమిటి? ఖనిజం ముందు చాల్కోసైట్ లాంటి రూపంలోకి దిగి, అది కరుగుతుందని వాళ్ళ వివరణ. బాక్టీరియా చేసే పని సరిగ్గా దీనికి వ్యతిరేకం. అవి ఫెర్రస్ దొరికితే వదలవు, ద్రావణాన్ని ఎప్పుడూ ఎక్కువ ఆక్సీకరణ వైపే నెడతాయి. చాల్కోసైట్‌కి దేవుళ్ళలాంటి బాక్టీరియా చాల్కోపైరైట్ దగ్గర అతిగా కష్టపడి పని చెడగొట్టే చుట్టం లాంటివి. 70 డిగ్రీల వేడిలో బతికే ఆర్కియా అనే సూక్ష్మజీవులతో, క్లోరైడుతో, వెండి అయాన్లతో, పైరైట్ అనే ఇనుప సల్ఫైడు పొడి కలిపి విద్యుత్ జోడీ కట్టించడంతో ఈ ముడి విప్పే ప్రయత్నాలు జరిగాయి. ట్యాంకులో చాలావరకు పనిచేస్తాయి. గుట్ట ట్యాంకు కాదు. దాని లోపల ఒక మూల వేడి, ఇంకో మూల చలి, ఒకచోట నీళ్ళు కాలువ కట్టి పోతే పక్కనే పొడి మట్టి.

ఇక్కడ నా సొంత తప్పు చెప్పుకోవాలి. ఆ ప్రయోగంలో నేను ద్రావణాన్ని పరీక్షించి 61 శాతం రాగి వచ్చిందని లెక్కేసి, సంబరంగా నోట్‌బుక్‌లో కింద రెండు గీతలు గీశాను. గైడ్ గారు అడిగింది ఒక్కటే: "మట్టి ఎంత చెప్పింది?" వడపోసిన మట్టిని ఆరబెట్టి, పూర్తిగా కరిగించి చూస్తే 40 శాతమే బయటికొచ్చిందని తేలింది. కారణం సిగ్గుపడేంత చిన్నది. మూత సరిగ్గా లేని బీకర్లోంచి మూడో వంతు నీరు ఆవిరైంది, నేను మాత్రం మొదట పోసిన లీటరుతోనే గుణించాను. నీరు తగ్గేకొద్దీ ద్రావణం చిక్కబడింది, రంగు ముదిరింది, నేను పొంగిపోయాను.

గుట్టలో ఈ తప్పు ఇంకా పెద్దగా జరుగుతుంది. అక్కడ వడపోత కాగితం లేదు. గుట్టలోకి ఎంత రాగి వెళ్ళిందో అంచనా, ఎంత వచ్చిందో కొలత, మిగిలిందెంతో మళ్ళీ అంచనా. గుట్టని తవ్వి, మట్టి నమూనాలు తీసి, అందులో గంధకం ఏ రూపంలో ఉందో విడివిడిగా చెప్పిన నివేదిక కనిపిస్తే నేను మర్యాదగా కూర్చుని చదువుతాను. నీలి ద్రావణం ఫొటో కనిపిస్తే పేజీ తిప్పేస్తాను.

గంధకం లెక్క ఎంత తేడా తెస్తుందో తెలియాలంటే ప్రెషర్ పాత్రల దగ్గరికి వెళ్ళాలి. రాయిని పిండి చేసి, పనికిరానిది తీసేశాక మిగిలే చాల్కోపైరైట్ గాఢ ఖనిజాన్ని ఆక్సిజన్‌తో పాటు 225 డిగ్రీల దగ్గర ఉడికిస్తే పొర సమస్యే ఉండదు, గంధకమంతా సల్ఫేట్ అయిపోతుంది. చక్కగా ఉంది కదా అనిపిస్తుంది. దానికి కిలో రాగికి 2 కిలోలకు పైగా ఆక్సిజన్ కావాలి, చివర్లో అడగని యాసిడ్ మిగులుతుంది. వేడి 150 డిగ్రీలకి దించితే గంధకం మూలకంగా ఆగిపోతుంది, ఆక్సిజన్ కిలోకి 630 గ్రాములు చాలు. కానీ గంధకం 119 డిగ్రీల దగ్గరే కరిగి ద్రవమై ఖనిజం రేణువుల్ని కప్పేస్తుంది, 159 దాటితే జిగురు పాకంలా చిక్కబడుతుంది. అందుకని 150 దగ్గరే తచ్చాడుతూ, గంధకాన్ని విడగొట్టే లిగ్నోసల్ఫోనేట్ లాంటివి కలుపుతూ నడపాలి. ఖనిజం అదే, రాగి అదే. గంధకాన్ని ఎక్కడ ఆపాలన్న ఒక్క నిర్ణయం పాత్ర మందం నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ మార్చేసింది.

ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీ 2003లో అరిజోనాలోని బాగ్డాడ్ గని దగ్గర 225 డిగ్రీల దారినే ఎంచుకుంది. పక్కనే పాత గుట్టలున్నాయి, వాటికి యాసిడ్ కావాలి. మిగిలిన యాసిడ్‌ని అటు మళ్ళించారు. ఈ ఏర్పాటు నాకు నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ ఎవరో గంధకం గురించి ముందే కూర్చుని ఆలోచించారు. పక్కన గుట్టలు లేని చోట అదే ప్లాంటు కడితే యాసిడ్‌ని సున్నపురాయితో చంపి జిప్సం గుట్టలు పోసుకోవాలి.

కొలిమిని చూసే దృష్టి కూడా ఈ ప్రశ్నతో మారుతుంది. దాని చరిత్ర మచ్చలేనిదని నేననను. స్పెయిన్‌లో రియో తింతో దగ్గర ఖనిజాన్ని ఆరుబయట కుప్పలు పోసి కాల్చేవాళ్ళు, గంధకం పొగ పొలాల మీద పడేది. 1888 ఫిబ్రవరి 4న పొగకి వ్యతిరేకంగా గుమిగూడిన గనికార్మికుల మీద, రైతుల మీద సైనికులు కాల్పులు జరిపారు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని డక్‌టౌన్ చుట్టూ ఇలా ఖనిజాన్ని ఆరుబయట కాల్చడంతోనే, వంటచెరకు కోసం చెట్లు నరకడంతోనే కొండలు బోడి అయ్యాయి. పొగ సరిహద్దు దాటుతోందని పక్క రాష్ట్రం జార్జియా దావా వేస్తే 1907లో సుప్రీంకోర్టు జార్జియా పక్షానే తీర్పు చెప్పింది. కంపెనీలు పొగని పట్టి యాసిడ్ చేయడం మొదలుపెట్టాయి, అది అక్కడ ముఖ్యమైన అమ్మకం సరుకైంది.

1949లో ఫిన్లాండ్‌లో హార్యవల్తా దగ్గర ఔటొకుంపు కంపెనీ మొదలుపెట్టిన ఫ్లాష్ కొలిమిలో ఇంకో మలుపు వచ్చింది. అందులో గంధకం, ఇనుమే వంటచెరకు. పొడి ఖనిజం ఆక్సిజన్‌తో కలిసి గాలిలో ఉండగానే మండి తనని తానే కరిగించుకుంటుంది, బయటి ఇంధనం చాలా తక్కువ చాలు. వెలువడే వాయువులో సల్ఫర్ డయాక్సైడ్ చిక్కగా ఉంటుంది కాబట్టి యాసిడ్‌గా పట్టడం తేలిక. బాగా నడిపే ప్లాంట్లు గంధకంలో 99 శాతాన్ని పట్టగలవు. అన్నీ బాగా నడుస్తున్నాయని కాదు. కానీ ఆ కొలిమిని గంధకం ఎటు పోయిందని అడిగితే ట్యాంకు చూపిస్తుంది, తూకం చూపిస్తుంది. గుట్టని అడిగితే తనలోనే ఉందంటుంది, పసుపు పొరగా కొంత, కరగని సల్ఫైడుగా చాలా, పైరైట్‌గా ఇంకా చాలా. పైపులు ఆపేసినా వాన, గాలి, బాక్టీరియా ఆగవు.

పైగా కొలిమి, లీచింగ్ అనాదిగా కొట్టుకునే సవతులేమీ కాదు. కొలిమిలో పుట్టిన యాసిడ్ చాలాచోట్ల ఆక్సైడు గుట్టలకే వెళ్తుంది. కొలిమి మూసేసి అంతా లీచింగే చేద్దామనేవాళ్ళు, ఆ గుట్టలకి యాసిడ్ ఎక్కణ్ణుంచి తెస్తారో చెప్పాలి. విడిగా గంధకం కొని కాల్చి చేసుకోవాలి, అంతే.

కాబట్టి నా మొగ్గు ఎటో చెప్తాను. చాల్కోసైట్ ఉన్న తక్కువ శాతం రాయికి గుట్ట, సందేహం లేదు. మంచి చాల్కోపైరైట్ గాఢ ఖనిజానికి, యాసిడ్ కొనేవాళ్ళు దగ్గర్లో ఉంటే, కొలిమి. ఆర్సెనిక్ మోసుకొచ్చే ఎనార్గైట్ లాంటి ఖనిజానికి మాత్రం కొలిమి కన్నా ప్రెషర్ పాత్రే నయం. కొలిమిలో ఆర్సెనిక్ పొగలోకి, ధూళిలోకి ఎగురుతుంది. పాత్రలో దాన్ని ఇనుముతో కట్టిపడేసి, సులువుగా కరగని స్కోరొడైట్ లాంటి రూపంలో ఘనపదార్థంగా ఆపవచ్చు. అక్కడ పిలవని పేరంటానికొచ్చిన ఇనుమే పనికొస్తుంది. ఇక చాల్కోపైరైట్ గుట్టలంటారా, రాబోయే రోజుల్లో ఏ ఉత్ప్రేరకమో ఆ పొరని నిజంగానే కదిలించవచ్చు. ఆ ప్రయోగాల్ని నేను ఆసక్తిగానే గమనిస్తున్నాను. ఎన్ని రోజుల్లో ఎంత రాగి వచ్చిందన్న గ్రాఫుతో పాటు, గుట్టకి నమూనాగా రాయి నింపిన ప్రయోగ స్తంభం విప్పాక మిగిలిన మట్టి విశ్లేషణ కూడా పెడితే నమ్ముతాను.

నా 40 శాతం మట్టిని పారేయలేదు. గంధకాన్ని కరిగించే ద్రావకంతో కడిగి, ఆ ద్రావకాన్ని ఆరనిస్తే గాజు పళ్ళెం అంచున చిన్న పసుపు స్ఫటికాలు తేలాయి. తూచాను. కరిగిన రాగి లెక్క ప్రకారం రావాల్సిన గంధకానికి అది దాదాపుగా సరిపోయింది. ఆ ప్రయోగం మొత్తంలో రెండు వైపులా లెక్క కుదిరింది ఆ ఒక్క అంకె దగ్గరే. నోట్‌బుక్‌లో 61 కింద గీసిన రెండు గీతలూ కొట్టేసి, ఆ అంకె కింద గీశాను.